వదిన ఇంగ్లీషు పేపరు

మా వదిన పదో తరగతిలో ఇంగ్లీషు తప్పింది. ఎప్పుడో పెళ్లికి ముందు మాట. మా ఊళ్లో అదేమీ పెద్ద లోటు కాదు. మిరప చేలో కలుపు తీయడానికి మార్కుల కాగితం ఎవరూ అడగరు కాబట్టి ఆ సంగతి అందరూ మర్చిపోయారు. వదిన మాత్రం మర్చిపోలేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

వదిన మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. వండటం, వడ్డించడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్లని చంకనేసుకుని తిరగడం ఆవిడ పని. టీచరమ్మ పక్కూరి నుంచి వచ్చి, రాయాల్సినవి రాసుకుని, ఎండ ముదరకముందే వెళ్లిపోయేది. పాటలు, కథలు, రంగుల పేర్లు అన్నీ వదినే చెప్పేది. అన్నయ్యకీ వదినకీ పిల్లలు లేరు. అంగన్‌వాడీ పిల్లలే ఆవిడ పిల్లలని ఊళ్లో జాలిగా అనేవాళ్లు. ఆ మాట వదినకి గిట్టేది కాదు. "వాళ్ల పిల్లలు వాళ్ల పిల్లలే. నేను వాళ్లకి అన్నం పెట్టేదాన్ని" అనేది.

ఆ టీచరమ్మ ఇంకో రెండేళ్లలో రిటైరవబోతోందనీ, పదో తరగతి పాసైన ఆయాకి ఆ పోస్టు ఇస్తారనీ తెలిసిన రోజు వదిన నాకు ఫోన్ చేసింది. నేను చీరాలలో ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను.

"అమ్మాయ్, ఈ వయసులో నాకు ఇంగ్లీషు వస్తదంటావా?" అంది.

"మా స్కూలు పిల్లలకే వస్తుంటే నీకు రాకేం వదినా" అన్నాను. నిజానికి మా స్కూలు పిల్లలకి కూడా అంత బాగా ఏమీ రాదు. కానీ ఆవిడ అడిగిన తీరు చూస్తే ఇంకో మాట అనబుద్ధి కాలేదు.

ఓపెన్ స్కూల్లో అన్ని పేపర్లకీ మళ్లీ కట్టింది. మిగిలిన పేపర్లన్నీ మొదటి ఏడే గట్టెక్కింది. ఇంగ్లీషు మళ్లీ మిగిలింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను పొద్దున్నే బస్సెక్కి ఊరెళ్లి పాఠం చెప్పేదాన్ని. చలికాలం చివర్లో కోతలు మొదలయ్యాక మా పాఠాలు ఇంట్లోంచి కల్లంలోకి మారాయి. కోసిన మిరపకాయల్ని చేను పక్కన నేల చదును చేసి ఆరబోస్తారు, అదే కల్లం. పగలంతా కాయల్ని తిరగేయాలి, మబ్బు పడితే కుప్పచేసి పట్టాలు కప్పాలి, కూర్చున్నంతసేపూ తెల్లబడిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేయాలి. వదిన ఏరుతుండేది, నేను ఎదురుగా కూర్చుని చెబుతుండేదాన్ని. పుస్తకం ఒళ్లో పెట్టుకునేది కానీ చేత్తో తాకేది కాదు. కారం అంటిన చేత్తో పేజీ తిప్పి, మర్నాడు అదే పేజీ పట్టుకున్న వేలితో కన్ను నలుపుకుని ఒకసారి అనుభవించింది. పేజీలు తిప్పడం నా వంతు.

కల్లంలో దగ్గని మనిషి ఉండడు. గొంతు మండుతుంది, ముక్కు కారుతుంది, ఛాతీలో నిప్పు పెట్టినట్టుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే కాబట్టి ఎవరూ దాన్ని జబ్బనుకోరు, ఘాటంటారు. దేనికైనా మా అమ్మ దగ్గర ఒకటే మందు. ఉప్పేసిన మజ్జిగ. దగ్గినా మజ్జిగే, తుమ్మినా మజ్జిగే, గుండెల్లో మంటగా ఉందన్నా మజ్జిగే. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ మాటే చెల్లేది. అన్నయ్య అంత మనిషయ్యుండీ ఆవిడ గ్లాసు చాపితే మారు మాట్లాడకుండా తాగేవాడు.

ఆ ఏడు మేం ఎక్కువగా చేసింది రెండు వాక్యాల్ని కలిపి ఒకటి చేయడం. పరీక్షలో అది తప్పకుండా వస్తుంది. పిల్లలతో ఇన్నేళ్లు వేగాక నాకు తెలిసిందేమిటంటే, మనవాళ్లు ఒక్క మాటతో కలపమంటే నమ్మరు. ఒక ముడి ఊడిపోతుందేమోనని గోనెసంచికి రెండో ముడి వేసినట్టు, ముందు ఆల్దో పెట్టి మధ్యలో మళ్లీ బట్ పెడతారు. ముందు బికాజ్ పెట్టి మధ్యలో సో పెడతారు. పూర్తిగా వాళ్ల తప్పు కూడా కాదు. వానొచ్చినా కానీ వెళ్లాను అంటాం మనం, ఎవరూ మనల్ని దిద్దరు. అన్నా వదినా అని చివర్న కాస్త సాగదీస్తే చాలు, మనకి ఇద్దరూ ఒకచోట ఉన్నట్టే. ఇంగ్లీషులో అలా కుదరదు, మధ్యలో ఒక మాట వచ్చి నిలబడాలి.

వదినకి బికాజ్ నచ్చింది. దేనికైనా అదే పెట్టేది. "ఈ ఒక్కటి సరిపోదా? ఏం జరిగినా దేనివల్లో ఒకదానివల్లే కదా జరిగేది" అనేది.

"అన్నీ అలా జరగవు వదినా. ఒకటి జరిగితే ఇంకోటి జరుగుతుందని మనం అనుకుంటాం, అది జరగదు. అప్పుడు ఆల్దో" అన్నాను. ఉదాహరణకి ప్రతి పుస్తకంలో ఉండే వాక్యాలే చెప్పాను. అతనికి ఒంట్లో బాగాలేదు. అతను పనికి వెళ్లాడు. కలుపు.

వదిన తాలుకాయ చేతిలో పట్టుకుని ఆలోచిస్తోంది. కాస్త దూరంలో కాయల్ని కాళ్లతో తిరగేస్తున్న అన్నయ్య అక్కణ్ణించే అందుకున్నాడు. "ఒంట్లో బాగాలేకపోయినా పనికెళ్లాడంటే వాడు మన రైతే. మీ ఇంగ్లీషోళ్లకి మన సంగతి ఎట్టా తెలిసిందే?"

ముగ్గురం నవ్వాం. నవ్వితే గొంతులోకి ఘాటు పోయి ముగ్గురం దగ్గాం. అన్నయ్య కాసేపు ఎక్కువ దగ్గాడు. అది నాకిప్పుడు గుర్తొస్తోంది కానీ అప్పుడు గమనించినట్టు లేదు. అన్నయ్య పైకి ఎంత ఎగతాళి చేసినా, వదిన చదువంటే అతనికి ముచ్చటే. కూలీలకి టీలు తెచ్చినప్పుడు "మా టీచరమ్మకి ముందియ్యండి" అనేవాడు. టీచరమ్మ అన్నప్పుడు అతను చూసేది నా వైపు కాదు.

ఆ తర్వాత వారంలోనే అన్నయ్య పోయాడు.

ఆ సాయంత్రం నేను చీరాలలో ఉన్నాను. నాకు తెలిసింది వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసిందే. పడమట మబ్బు పట్టింది. కల్లం నిండా కాయలు పరిచి ఉన్నాయి. అందరూ పరుగులు పెట్టి కుప్పలు చేసి పట్టాలు లాగుతున్నారు. అన్నయ్య ఒక పట్టా చివర పట్టుకుని లాగుతూ లాగుతూ దాని మీదే కూర్చుండిపోయాడట. ఆటోలో ఎక్కించారు. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు చూసి, గుండె నొప్పి అప్పటికప్పుడు వచ్చింది కాదనీ, అంతకు ముందు రోజే తీసుకొచ్చి ఉంటే బతికేవాడనీ అన్నాడు. వాన మాత్రం పడలేదు. నాలుగు చినుకులు రాలి మబ్బు తేలిపోయింది.

ముందు రోజే తీసుకొచ్చి ఉంటే. ఆ మాట అనకుండా ఉంటే ఆ డాక్టరు సొమ్మేం పోయేదో నాకు తెలియదు. ఆ మాటే మా ఇంట్లోకొచ్చి కూర్చుంది. ఎందుకు తీసుకెళ్లలేదు? ఎవరూ పైకి అడక్కముందే అమ్మ జవాబు చెప్పేసింది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. "మొగుడి ఒంట్లో ఎట్టా ఉందో చూసుకునే తీరికేదీ దీనికి? పుస్తకం ముందేసుకుని కూర్చుంది కాబట్టే నా కొడుకు పోయాడు" అని అందరిలో అంది.

వదిన తలెత్తలేదు. ఏడుపులో అన్న మాటలే, పోతాయిలే అనుకున్నాను. పోలేదు. పెద్దకర్మ నాడు అన్నది. పలకరించడానికి ఎవరొచ్చినా అన్నది. పొన్నూరు నుంచి వచ్చిన మేనత్త వరస ఆవిడ, "చదువుల పిచ్చమ్మా ఈ కాలం ఆడాళ్లకి" అని తలాడించి, కాఫీ తాగి వెళ్లింది. ఊరంతా ఆ కాబట్టిని ఒప్పేసుకుంది. ఏదో ఒక కారణం దొరికితే చాలు, చావు కాస్త సర్దుకుంటుంది జనానికి.

నాకు కోపం ఎక్కువ. స్కూల్లో పిల్లలు దానికే నాకో పేరు కూడా పెట్టారు. అమ్మతో చెడామడా పోట్లాడాను. "కల్లంలో అంతమంది ఉన్నారు, నువ్వూ ఉన్నావు. ఎవరికీ తెలియంది ఆవిడకొక్కదానికే తెలియాలా?" అన్నాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వదిన నా చెయ్యి పట్టుకుని "వదిలెయ్ అమ్మాయ్" అంది. అమ్మ మీద కన్నా ఎక్కువ కోపం ఆవిడ మీద వచ్చింది నాకు. నోరున్న మనిషి, అంగన్‌వాడీలో గుడ్లు చిన్నవి వస్తే ఆఫీసరమ్మని నిలబెట్టి అడిగిన మనిషి, ఆ ఒక్క మాటకి మాత్రం ఎందుకు బదులివ్వదో అర్థం కాలేదు.

పరీక్ష దగ్గరికొచ్చింది. సెంటర్ చీరాలలోనే. ఇప్పుడు ఆ పోస్టు ఆవిడకి ముచ్చట కాదు, బతుకుతెరువు. అన్నయ్య చేసిన సాగులో సగం పైగా కౌలుకి తీసుకున్నదే, అది ఎలాగూ పోయింది. ఆయా జీతంతో ఇద్దరు మనుషులు ఎలా గడుపుతారో నాకు తెలియలేదు. నేను పంపుతానంటే వదిన పడనివ్వలేదు. పరీక్ష రాస్తానని మాత్రం అంది, అంతే.

అడ్డం వచ్చింది నిద్ర. మొగుడు పోయిన ఆడమనిషిని పుట్టింటివాళ్లొచ్చి తీసుకెళ్లి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టాలి. దాన్నే నిద్ర చేయించడం అంటారు. అది అయ్యేదాకా ఆ మనిషి ఇంకెవరి గడపా తొక్కకూడదు, ఊరి పొలిమేర దాటకూడదు. వదినకి పుట్టిల్లంటే పిడుగురాళ్లలో ఉన్న తమ్ముడొక్కడే, సున్నం బట్టీలో పనిచేస్తాడు. ఫోన్ చేస్తే చాలాసేపు నీళ్లు నమిలాడు. చివరికి, వాళ్ల ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారనీ, పెళ్లి పందిరి వేయబోయే ఇంటికి ఇలాంటి సమయంలో అక్కని తీసుకెళ్తే బాగుండదని వాళ్లావిడ అంటోందనీ, పెళ్లయ్యాక తప్పకుండా వస్తాననీ చెప్పాడు. పెళ్లి పరీక్ష అయిపోయాక ఎప్పుడో.

"నిద్ర కాకుండా పొలిమేర దాటితే నేనొప్పుకోను" అంది అమ్మ. "ఇప్పటికి జరిగింది చాలదా?"

చీరాలలో మా వీధి చివర శివాలయం పూజారి గారిని వెళ్లి అడిగాను. ఆయన పెద్దాయన, మాటలు తక్కువ. పుట్టింటివాళ్లకి వీలు కానప్పుడు గుళ్లో నిద్ర చేయవచ్చనీ, ఊళ్లోవాళ్లకి కావాలంటే తను చెప్పానని చెప్పమనీ అన్నారు. దేవుడి గుడికి పోవడానికి పొలిమేర లేదమ్మా అన్నారు. ఆ మాట పట్టుకుని ఊరెళ్లాను. అమ్మ చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చుంది. "మీ ఇష్టం. నా మాట వినేవాడు పోయాడుగా" అంది.

పరీక్షకి ముందు రోజు చీకటి పడకముందే వదినని చీరాల తీసుకొచ్చాను. మా ఇంటి ముందు నుంచే వెళ్లాం, కానీ లోపలికి రాలేదు, మంచినీళ్లు కూడా గడప బయటే తాగింది. మర్నాడు తెల్లవారి నేను గుడికి వెళ్లేసరికి మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. స్నానం చేసింది, తడి జుట్టు ముడేసుకుంది. చాప చుట్టి పక్కన పెట్టింది. బొట్టు లేని ఆ మొహం నాకింకా అలవాటు కాలేదు. ఒళ్లో పుస్తకం ఉంది. ఈసారి పేజీలు తనే తిప్పుకుంటోంది. చేతులకి కారం లేదు కాబట్టి.

"నిద్ర పట్టిందా?" అన్నాను.

"నిద్ర చేశాను కదా, చాల్లే" అంది.

గుళ్లోంచి నేరుగా సెంటర్‌కి నడిచి వెళ్లాం. బయట వేపచెట్టు కింద నేను కూర్చున్నాను. నా స్టూడెంట్ల కోసం కూడా ఎప్పుడూ అంత కంగారు పడలేదు. బయటికొచ్చాక ఆవిడ మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను. ఫలితం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. వదిన ఇంగ్లీషు పాసైంది. మంచి మార్కులే వచ్చాయి. పోస్టు కూడా వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో పిల్లలు ఆవిడని టీచరమ్మా అనే పిలుస్తారు. అలా మొదట పిలిచిన మనిషి లేడు.

ఆ రోజు ఊరికి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. రోడ్డుకి రెండు వైపులా పీకేసిన పత్తి మోళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది, చివరికి నేనే అడిగాను.

"కలిపేవి వచ్చాయా వదినా?"

"వచ్చాయి. నువ్వు చెప్పిందే వచ్చింది. ఒంట్లో బాగాలేదు, పనికెళ్లాడు."

"రాశావా?"

"రాశాను. ఆల్దో ఒక్కటే పెట్టాను. బట్ పెట్టలేదు" అంది. తర్వాత, చాలా మామూలుగా, అంగన్‌వాడీలో ఏం వండిందో చెప్పినంత మామూలుగా చెప్పింది. "ముందు రోజే నాకు అనుమానమొచ్చింది అమ్మాయ్. చెమటలు పడుతున్నాయి. ఘాటుకి చెమటలెందుకు పడతాయి? ఆటో పిలిచాను. వాకిట్లోకి వచ్చి ఆగింది కూడా."

"మరి?"

"అత్తయ్య పంపించేశారు. ఘాటురా అది, మీ ఆవిడ నాలుగు ముక్కలు చదివి డాక్టరమ్మ అయిపోయింది, మజ్జిగ తాగి పడుకో అన్నారు. మీ అన్నయ్య నవ్వి తాగేసి పడుకున్నారు. పొద్దున్నే లేచి బానే ఉందని కల్లానికొచ్చారు."

ఆటో గతుకుల్లో పడి ఊగింది. ఇద్దరం పక్క కమ్మీలు పట్టుకున్నాం. నాకు కోపం ఒక్కసారిగా వచ్చింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? అందరి ముందూ అన్ని మాటలు పడ్డావు. ఇంటికెళ్లగానే నేనడుగుతాను అమ్మని."

"అడగవు" అంది వదిన. "ఆవిడకి గుర్తు లేదేమో. లేకపోతే గుర్తుండే నన్నంటున్నారేమో. ఏదైనా నువ్వు అడగవు. నా పుస్తకం వల్ల పోయాడనుకుంటే ఆవిడ తిట్టుకుంటూ బతుకుతారు. తన వల్లే అని తెలిస్తే బతకరు. ఎంతైనా కన్నతల్లి."

"అది నిజం కాదు కదా వదినా."

"ఏది నిజం? నేనే ఇంకొంచెం గట్టిగా అని ఉంటే. ఆయనే ఇంకొంచెం భయపడి ఉంటే. ఎవరికని కడతావు దాన్ని?" అంది. అప్పుడు ఏడ్చింది. అన్నయ్య పోయాక ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

దారి పొడవునా నేను అమ్మని ఏమడగాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. వదినకి మాటివ్వలేదు. నాకు న్యాయం కావాలి అనిపించింది. ఒక్కసారి, ఆ ఒక్క మాట పది మందిలో కాకపోయినా మా ముగ్గురి మధ్యైనా సరిగ్గా పడాలి అనిపించింది.

ఇల్లు చేరేసరికి అమ్మ వరండాలో తాలుకాయల బస్తా విప్పి, మధ్యలో కలిసిపోయిన మంచికాయలు ఏరుకుంటోంది. అన్నయ్య కోతల్లో మిగిలిన చివరి బస్తా అది. వదిన కాళ్లు కడుక్కుని, పరీక్ష ఎలా రాశావని ఎవరూ అడక్కుండానే, వెళ్లి బస్తాకి అటువైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నేను గుంజ దగ్గర నిలబడ్డాను. నోరు తెరిచాను. ఘాటు గొంతులోకి పోయి దగ్గొచ్చింది, ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. లోపలికి వెళ్లి గ్లాసు తెచ్చింది.

"ఏం లేదే, ఘాటు. మజ్జిగ తాగి…"

అక్కడ ఆగిపోయింది. గ్లాసు నా వైపు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. అమ్మ నన్ను చూడటం లేదు, వదినని చూస్తోంది. ఆవిడకి గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది.

వదిన చేతిలోని కాయలు కింద పడేసి లేచింది. కారం చేతులు చీరకి తుడుచుకుని, అమ్మ వేళ్ల మధ్య నుంచి మెల్లగా గ్లాసు తీసుకుని నా చేతిలో పెట్టింది.

"తాగు అమ్మాయ్" అంది. "ఘాటే."

నేను తాగాను.